ఆరు అంకె కింద రెండు టీలు

గడియారాల మేస్త్రి గారికి నమస్కారం.

ముఖపరిచయం లేకుండా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బావమరిది మీ కొట్లో గోడగడియారం బాగుచేయించుకున్నాడు. "మేస్త్రి మాట్లాడడు, గడియారం మాత్రం మాట్లాడుతుంది" అని మీ గురించి చెప్పాడు.

నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. చరిత్ర చెప్పేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో తారీఖు తప్పు చెప్పిన ఏ ఒక్కణ్ణీ బెంచీ ఎక్కించకుండా వదల్లేదు. అందుకని నా వెనకాల నన్ను తారీఖుల మాస్టారనేవారు. కొందరు ముందర కూడా అనేవారు.

దీంతో పాటు బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి ఒక చేతిగడియారం బావమరిది చేత పంపుతున్నాను. మా నాన్నగారిది. ఆయన నూలు మిల్లులో హాజరు గుమాస్తా. పాతికేళ్ళలో ఒక్క రోజైనా ఆలస్యంగా రాలేదని 1938లో మిల్లు యజమాని అందరి ముందూ తన చేతి గడియారం విప్పి ఆయన చేతికి కట్టాడు. 1957లో నాన్నగారు పోయాక అది నాకు వచ్చింది. అప్పటినుంచీ నా చేతికే ఉంది. మధ్యలో ఓ ఐదు రోజులు లేదు గానీ, ఆ గొడవ ఇప్పుడెందుకు.

వచ్చే నెల మా బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఈ గడియారాన్ని గాజు పెట్టెలో పెట్టి, కింద ఇత్తడి రేకు మీద "క్రమశిక్షణకు గుర్తు" అని చెక్కిస్తారట. ఇప్పుడున్న హెడ్మాస్టరమ్మ చిన్నపిల్ల. "ఏ ఏడాది తయారైందో తెలిసినవాళ్ళ చేత రాయించుకు రండి సార్, రేకు మీద తప్పు పడితే బాగోదు" అంది. నాకు తారీఖులు చెబుతోంది! సరే, మీకు శ్రమ ఎందుకని "ఇది 1938కి పూర్వం తయారైనది" అని నేనే రాసి జతపరిచాను. అడుగున సంతకం పెట్టి పంపితే చాలు.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్మాస్టరు (చరిత్ర)

తా.క.: డబ్బాలో బిస్కెట్లు లేవు. బావమరిది చూస్తే ఉంటాయనుకుంటాడు, అందుకని పైన రాశాను కూడా.

*

హెడ్మాస్టరు గారికి,

గడియారం భద్రంగా అందింది. నేను ఎక్కువ రాయలేను, చూసింది చూసినట్టు చెబుతాను.

మీ కేసు తెరిచాను. మూత బిగుసుకుపోయి కొంచెం ఇబ్బంది పెట్టింది. కేసులో పాత గీతలున్నాయి, వాటి సంగతి తర్వాత. మూవ్‌మెంట్ గట్టిదే గానీ మీరన్నట్టు ముప్ఫైల నాటి మూవ్‌మెంట్ కాదు. లోపల రాళ్ళు పదిహేడున్నాయి. ఆరు అంకె కింద రెండు టీలున్నాయి. దాంతో మీ నాన్నగారి సంగతి తేలిపోయింది.

సంతకం పెట్టలేను. ఏమీ అనుకోవద్దు.

మీ
గడియారాల మేస్త్రి

తా.క.: డబ్బా తెరవగానే మీ బావమరిది బిస్కెట్ల కోసం అడిగారు. పైన మీరు రాసింది చదివాక కూడా అడిగారు.

*

అయ్యా మేస్త్రీ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివినప్పుడు మా ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

మొదటి సంగతి. నా మీద గానీ, మా నాన్నగారి మీద గానీ ఏ కేసూ లేదు. ఎప్పుడూ లేదు. లేని కేసు మీరు ఎక్కడ తెరిచారు? ఎవరి మాట మీద తెరిచారు?

రెండోది. ముప్ఫైల నాటి మూవ్‌మెంట్ గురించి ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేను. మా నాన్నగారు అందులో ఉన్నారని నేను అన్నానా? ఆయన మిల్లు గేటు దాటి ఏ ఊరేగింపులోకీ వెళ్ళిన మనిషి కాదు. వెళితే హాజరు పట్టీ ఎవరు రాస్తారు?

మూడోది రాయడానికే ఒళ్ళు మండుతోంది. రెండు టీలు! తొంభై రెండు మైళ్ళ దూరం నుంచి నమ్మి పంపిన గడియారం మీద కూర్చుని టీ తాగుతారా? ఒక్కటి పొరపాటున ఒలికిందంటే నమ్ముతాను. రెండోది? అదీ సరిగ్గా ఆరు అంకె కిందే?

వెంటనే తుడిచి, కేసు మూసేసి, సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్మాస్టరు

తా.క.: మేస్త్రి గారూ, నేను హెడ్మాస్టరు గారి భార్యని. ఉత్తరం అంటించే పని నాదే, అందుకని ఖాళీ చూసి రాస్తున్నాను. పదిహేడు రాళ్ళున్నాయన్నారు. ఇన్నేళ్ళుగా ఈయన చేతికి పదిహేడు రాళ్ళు కట్టుకుని తిరుగుతూ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెవికి ఎనిమిది చొప్పున పదహారు, మిగిలింది ముక్కుకి. జాగ్రత్తగా తీసి విడిగా పొట్లం కట్టి పంపండి. ఈయనకి చెప్పకండి.

*

హెడ్మాస్టరు గారికి,

తప్పు నాదే. మా పనివాళ్ళ మాటలు రాసేశాను. నలభై ఏళ్ళుగా నేను మాట్లాడేది గడియారాలు తెచ్చేవాళ్ళతోనే.

కేసు అంటే గడియారం ఒంటి రేకు, వెనక మూతతో సహా. మూవ్‌మెంట్ అంటే లోపల తిరిగే యంత్రం. మీ నాన్నగారు ఏ ఊరేగింపుకి వెళ్ళినా వెళ్ళకపోయినా దానికి సంబంధం లేదు.

టీ అంటే తాగేది కాదు, ఇంగ్లీషు అక్షరం. ఇదే అసలు సంగతి, నిదానంగా చదవండి. చీకట్లో కనబడాలని అంకెల మీద మెరిసే రంగు పూస్తారు. పూర్వం రేడియం పూసేవారు. అది మంచిది కాదని తెలిశాక ఇంకో పదార్థానికి మారారు. మారినట్టు తెలియడానికి డయలు అడుగున, దేశం పేరుకి అటొక టీ, ఇటొక టీ వేశారు. చీమ తలకాయంత అక్షరాలు, భూతద్దంలో తప్ప కనబడవు. ఆ టీలు వెయ్యడం మొదలైంది 1960 దాటాకే. ఒక్క డయలు చూసి చెప్పకూడదు గనక యంత్రం మీద నంబరు కూడా పాత పట్టీలో వెతికాను. 1966 అని తేలింది.

మీ నాన్నగారు 1957లో పోయారని మీరే రాశారు. పోయిన తొమ్మిదేళ్ళకి తయారైన గడియారం ఆయన చేతికి ఎలా ఉంటుంది?

ఎవరి మీదా నింద కాదు. ఉన్నది చెప్పాను.

మీ
గడియారాల మేస్త్రి

తా.క.: అమ్మా, ఇది మీకు. ఆ రాళ్ళు పదిహేడూ కలిపి ఆవగింజ మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా పెట్టినవి. చెవికి పెట్టుకుంటే మీకూ తెలియదు, చూసేవాళ్ళకీ తెలియదు. ఒకసారి నేను తుమ్మితే నాలుగు పోయాయి. అప్పటినుంచీ ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేస్తున్నాను.

*

మేస్త్రికి,

ఇప్పుడు అర్థమైంది. కేసు, మూవ్‌మెంట్, టీ అని నన్ను తికమక పెట్టి, ఆ సందులో మా నాన్నగారి గడియారం లోపలికి తోసి, ఏ చెత్తబుట్టలోదో బయటికి తీశారు. లేకపోతే 1938 నాటిది మీ బల్ల ఎక్కగానే 1966 నాటిది ఎలా అవుతుంది?

నా గడియారం మీద చెయ్యి వేసిన మొదటివాళ్ళు మీరు కాదు. అప్పుడేం జరిగిందో చెబుతాను, విని బుద్ధి తెచ్చుకోండి.

1976 జూలై 16, శుక్రవారం. బడి తనిఖీకి పై అధికారి వచ్చాడు. నేను కోటు వేసుకున్నాను. మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి గడియారం విప్పి స్టాఫ్‌రూము కుళాయి గట్టు మీద పెట్టాను. తిరిగి చూస్తే లేదు. మాస్టార్లంతా క్లాసుల్లో ఉన్నారు, ఆ వేళప్పుడు ఆ గదిలోకి వచ్చిపోయే మనిషి ఒక్కడే, గంట కొట్టే బంట్రోతు. నాకు అనుమానాలు ఉండవు, నిర్ణయాలే ఉంటాయి. మర్నాడు ప్రార్థన వేళ పిల్లలందరి ముందూ అతన్ని నిలబెట్టి జేబులు తిరగేయించాను. సోమవారం మళ్ళీ. అతను "నేను తియ్యలేదు సార్" అని తప్ప ఇంకోమాట అనలేదు. బుధవారం పొద్దున వచ్చేసరికి గడియారం చేతిరుమాల్లో చుట్టి నా బల్ల మీద ఉంది. పైగా శుభ్రంగా తుడిచి పెట్టాడు, కొత్తదానిలా మెరుస్తోంది.

నేను పోలీసులకి చెప్పలేదు. ప్రార్థనలోనే "తప్పు తెలుసుకున్నవాణ్ణి క్షమించాలి, ఇతన్ని నేను క్షమించాను" అన్నాను. తర్వాత ఏటా కొత్త తరగతులు మొదలయ్యే రోజున పేరు చెప్పకుండా ఆ కథ చెప్పేవాణ్ణి. పేరు చెప్పకపోయినా అందరూ అటే చూసేవారు. రెండేళ్ళకి అతనే అడిగి ఊరి చివరి బడికి బదిలీ చేయించుకున్నాడు. సిగ్గుపడ్డాడని సంతోషించాను.

అలాంటి నేను మిమ్మల్ని కూడా క్షమించగలను. వారం గడువు.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్మాస్టరు

తా.క.: అతనికిచ్చిన గడువు ఐదు రోజులు. మీకు రెండు ఎక్కువ ఇచ్చాను, పోస్టు ఆలస్యం అవుతుందని.

*

హెడ్మాస్టరు గారికి,

నాకు కోపం రాలేదు. మీ ఉత్తరం చదివి కొట్టు ముందు తలుపు వేసి మీ గడియారం మూత మళ్ళీ తెరిచాను.

కేసులో గీతల సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. గడియారం విప్పి నూనె వేసిన ప్రతి మేస్త్రీ మూత లోపలివైపు సూదిమొనతో తన గుర్తూ తేదీ గీస్తాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో తెలియడానికి. దొరకదు అనుకున్న తేదీ ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. మీ గడియారం మూతలో నాలుగు గీతలున్నాయి. చివరి మూడూ మీరు చేయించినవే అయుంటాయి. మొదటిది నాకు తెలియని మేస్త్రి గుర్తు. దాని పక్కన తేదీ 19-7-76.

మీరు తారీఖుల మాస్టారు, నేను చెప్పక్కర్లేదు. పదహారున పోయింది. ఇరవై ఒకటిన వచ్చింది. పంతొమ్మిదిన ఎవరో ఈ గడియారాన్ని మేస్త్రి దగ్గర పెట్టి, నూనె వేయించి, మెరుగు పెట్టించారు. కొట్లో అమ్మేముందు మేం చేసే పని అది. తీసినవాడు తిరిగిచ్చేముందు చేసే పని కాదు.

ఐదో రోజున మీ బల్ల మీదికి వచ్చింది మీ నాన్నగారి గడియారం కాదు మాస్టారూ. ఇదే. 1966 నాటిది. ఎవరో వెతికి, ఆ పోలికది కొని పెట్టారు. ఎవరు కొంటారో మీరే ఆలోచించండి. పిల్లలందరి ముందూ జేబులు తిరగేసి చూపించినవాడు తప్ప ఇంకెవరికి అవసరం?

నాదీ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒకాయన రెండు గడియారాలు తెచ్చాడు. ఒకటి తండ్రిది, ఒకటి బజారుది. బజారుదే తండ్రిదని రాసివ్వమన్నాడు. పాత ఖాతాదారు, కాదనలేక రాసిచ్చాను. మూడేళ్ళకి ఆయన తమ్ముడు ఆ బజారు గడియారం తెచ్చాడు. "మెల్లిగా విప్పండి, మా నాన్న చేతిది" అన్నాడు. మెల్లిగానే విప్పాను. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. నిజం చెప్పలేకపోయాను కూడా. అప్పటినుంచీ లేని ఏడాది రాయను.

మీ
గడియారాల మేస్త్రి

తా.క.: గడువు లోపలే రాశాను.

*

మేస్త్రి గారికి,

ఇదంతా ఊహ. చరిత్రలో ఊహలకి చోటు లేదు. ఒక్క గీత పట్టుకుని ముప్పయ్యేళ్ళ నాటి సంగతి తిరగరాస్తారా? ఆ ఏడు అంకె ఒకటో, ఏడో ఎవరు చూడొచ్చారు? బంట్రోతు జీతంతో అలాంటి గడియారం కొనడం సాధ్యమా? మీరు మీ పని చూసుకోండి, నేను

ఇక్కడిదాకా పొద్దున రాశాను. ఇప్పుడు సాయంత్రం. పైన రాసింది కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను.

ఉత్సవానికి వేసుకుందామని ట్రంకుపెట్టెలోంచి పాత కోటు తీయించాను. 1976 తనిఖీకి వేసుకున్నదే. ఆ మరుసటేడు నుంచి బొత్తాలు అందక పెట్టెలో పడేశాను. పొట్ట దగ్గర వదులు చేయమని మా వీధి టైలరుకిచ్చాను. మధ్యాహ్నం ఆయనే ఇంటికి వచ్చాడు. "సార్, జేబుకి చిల్లుంది. లైనింగు విప్పితే అడుగున ఇది తగిలింది. దీని బరువుకే కోటు ఓ పక్కకి వేలాడుతోంది" అని బల్ల మీద పెట్టాడు.

గుండ్రటి ఉక్కు రేకు. తోలు పట్టీ ఎండి విరిగిపోయింది. వెనక, యజమాని తర్వాత చెక్కించిన మిల్లు పేరు, మా నాన్నగారి పొడి అక్షరాలు, 1938.

గట్టు మీద పెట్టలేదు మేస్త్రి గారూ. జేబులో వేసుకున్నాను. జేబులో వేసుకుని గట్టు మీద పెట్టానని అందరితో చెప్పాను. చెప్పీ చెప్పీ నాకు అదే కళ్ళకి కట్టింది.

వెనక చెక్కిన అక్షరాలు తిరిగొచ్చినదాని మీద లేవని అప్పుడే చూశాను. తుడిచేటప్పుడు అరగదీశాడనుకున్నాను. అది కూడా అతని లెక్కలోనే వేశాను.

మా ఇంటావిడ టైలరుకి మంచినీళ్ళిచ్చి పంపించి, వంటింట్లో పీట మీద కూర్చుని అటు తిరిగింది.

ఆ బంట్రోతు బతికే ఉన్నాడు. ఊరి చివర సైకిళ్ళ కొట్టు మీద మేడగదిలో ఉంటాడు. నేనేం చెయ్యాలి? ఉత్తరం రాయనా? మీతో ముఖపరిచయం లేకపోయినా అడుగుతున్నాను. పరిచయమున్నవాళ్ళని అడగలేను.

మీ
చరిత్ర మాస్టారు

తా.క.: నేను, భార్యని. కూరగాయల బజారులో ఆయన పెళ్ళాం ఎదురుపడితే ముప్పయ్యేళ్ళుగా పక్క వరసలోకి తప్పుకుంటున్నాను. ఆవిడ ఉన్న వరసలోనే టమాటాలు బాగుండేవి. అయినా తప్పుకునేదాన్ని. రాళ్ళ సంగతి మర్చిపోండి.

*

హెడ్మాస్టరు గారికి,

ఉత్తరం రాయకండి. మన ఇద్దరి ఉత్తరాలు ఎలా నడిచాయో చూశారుగా.

మనిషిగా వెళ్ళండి. పాత గడియారం నాకు పంపకండి, దాని ఏడాది నేను చూడక్కర్లేదు. 1966 దాన్ని శుభ్రం చేసి, తిరిగి ఇదే డబ్బాలో పంపుతున్నాను. ఆయన కొన్నది ఆయనకి చేరాలి.

మీ
గడియారాల మేస్త్రి

తా.క.: డబ్బాలో ఈసారి బిస్కెట్లు కూడా పెట్టాను. చేతులూపుకుంటూ వెళ్ళకండి.

*

మేస్త్రి గారికి,

వెళ్ళాను. ఉత్సవం కూడా అయిపోయింది. నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇది ఐదోది.

మేడ మెట్లు ఇరుకు. నేను పైకెక్కేసరికి ఆయన నేల మీద కూర్చుని ఓ పీటకి కాలు బిగిస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఇంకా అలవాటు పోలేదు. "కూర్చోండి సార్, దాని మీద కాదు, దానికింకా కాలు పెట్టలేదు" అన్నాడు.

ఒరే అని పిలిచిన నోటికి మీరు అనే మాట రావడానికి సమయం పట్టింది.

"మీకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

"దేనికి సార్?"

"గడియారం గురించి."

"దొరికిందా సార్?" అన్నాడు.

నిన్న పోయినదాన్ని అడిగినట్టు అడిగాడు మేస్త్రి గారూ. ముప్పయ్యేళ్ళ తర్వాత.

"దొరికింది. నా కోటు లైనింగులోనే ఉంది."

ఆయన చేతిలో సుత్తి కింద పెట్టాడు. తర్వాత లోపలికి తిరిగి, "వింటున్నావా? సారు కోటులోనే ఉందంట" అన్నాడు. లోపలినుంచి ఆవిడ గొంతు, "ఆయన వంటి మీదే ఉంటుందని నేనారోజే అన్నాను" అంది. బయటికి మాత్రం రాలేదు.

డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టాను. "మీరు కష్టపడి కొని నా బల్ల మీద పెట్టిన గడియారం. మీదే. తీసుకోండి" అన్నాను. ఆయన దాని వంక వింతగా చూశాడు.

"నేను కొనడమేంటి సార్? తియ్యనివాణ్ణి. కొని పెడితే తీసినట్టు ఒప్పుకున్నట్టే కదా?"

"మరి ఎవరు పెట్టారు?"

"మీరే అనుకున్నాను సార్, ఇన్నాళ్ళూ. ఎక్కడో దొరికుంటుంది, అంత గొడవ చేశాక చెప్పడానికి మొహం చెల్లక, మీరే రుమాల్లో చుట్టి పెట్టుకున్నారనుకున్నాను. ఏటా మైకులో నన్ను క్షమించానని చెబుతుంటే, పాపం ఇంకా చెప్పలేకపోతున్నారు, పోనీలే పెద్దాయన అనుకునేవాణ్ణి."

అర్థమైందా మేస్త్రి గారూ? నేను ఆయన్ని క్షమించానని ఊరంతా చెప్పుకుంటూ తిరిగినన్నాళ్ళూ ఆయన నన్ను నోరెత్తకుండా క్షమిస్తున్నాడు. బిస్కెట్లు ఆయనకిచ్చాను. ఇంకేం ఇవ్వాలో తెలియలేదు. తీసుకుని, అందులో ఒకటి తీసి నాకే పెట్టాడు.

మరి కొన్నదెవరు? నా గడియారం పోలిక అంత బాగా తెలిసినవాళ్ళు స్టాఫ్‌రూము వాళ్ళే. అక్కణ్ణుంచి నేరుగా మా బడి బొమ్మల మాస్టారింటికి వెళ్ళాను. ఆయన నాకంటే రెండేళ్ళు ముందు రిటైరయ్యారు. డబ్బా మూత తీయగానే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"మేమే. పదకొండు మందిమి. తలా కొంత వేసుకున్నాం" అన్నారు.

శనివారం జేబులు తిరగేశాక బంట్రోతు గంటలు లెక్క తప్పి కొట్టడం చూశారట వాళ్ళు. తిండి మానేశాడట. నా దగ్గరికి వచ్చి చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదట. బొమ్మల మాస్టారు నా గడియారం బొమ్మ చూడకుండా వేశారట. రోజూ స్టాఫ్‌రూములో ఆ చెయ్యి ఆయన ముక్కు ముందు ఊపుతూ మాట్లాడేవాణ్ణిగా, ప్రతి గీతా గుర్తుందట. లెక్కల మాస్టారు ఆ బొమ్మ పట్టుకుని పట్నంలో ఏడు కొట్లు తిరిగాడట.

"బల్ల మీద కనబడితే, ఎక్కడో పెట్టి మర్చిపోయానని మీరే అనుకుంటారనుకున్నాం. మీరు ప్రార్థనలో లేచి, దొంగ మారాడన్నారు. అయిపోయింది. నిజం చెబితే మీకు కోపం, చెప్పకపోతే అతనికి మచ్చ. మేం మీకు భయపడ్డాం. అతను బదిలీ అడిగిన రోజున సంతకాల పుస్తకం దగ్గర ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు" అన్నారు.

రిటైరయ్యేదాకా మా నాన్నగారి కథ చెప్పినప్పుడల్లా పదకొండు మంది పంకా వైపు చూస్తుంటే, నేను భక్తి అనుకున్నాను.

ఉత్సవంలో చెప్పాను. పేర్లతో, తారీఖులతో, ఏదీ దాచకుండా. వదులు చేసిన కోటు వేసుకోలేదు. గాజు పెట్టెలో మీరు శుభ్రం చేసిన గడియారమే పెట్టారు. రేకు మీద 1966 అని, కొన్న పదకొండు మంది పేర్లు వేశారు. క్రమశిక్షణ మాట తీసేయమన్నాను.

ఇట్లు,
సిగ్గుతో,
మీ మిత్రుడు అనుకోమంటే అనుకుంటాను

తా.క.: ఒకటి రాయకుండా వదిలేద్దామనుకున్నాను, మా ఇంటావిడ అంటించకుండా నిలబడింది. వేదిక మీదికి ఆయన్ని పిలిచి, మా నాన్నగారి గడియారం నా చేత్తో ఆయన చేతికి కట్టబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, మైకు దగ్గరికి వంగి, "వద్దు సార్. ఇది మళ్ళీ పోయిందంటే ముందు మా ఇంటికే వస్తారు" అన్నాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. పిల్లలు బల్లలు చరిచారు. నేనూ నవ్వాను. నవ్వుతూ పక్కకి తిరిగి చూస్తే, ఆయన నవ్వడం లేదు.